చప్పట్ల వరుసలో కాస్త చోటు

నలుగురికీ మంచి చెడూ చెప్పే మనమే ఒక్కోసారి ఎంత తప్పు చేస్తామో నా సంగతి వింటే మీకే తెలుస్తుంది.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి. 2023లో అందరం బతుకమ్మ ఆడుతుంటే మా వాడకట్టు పాప ఒకతి వచ్చి వరుసలో చేరింది. పన్నెండేళ్ళుంటాయి. వయసుకు తగ్గట్టు బుద్ధి ఎదగలేదు, మాట ముద్దగా వస్తుంది. మా చప్పట్లు ఒక తీరు, ఆ పిల్లది ఒక తీరు. ఆడపిల్లలు ‘తిక్కది, తిక్కది’ అని నవ్వుతూ పక్కకు నెట్టేశారు. అందులో మా అమ్మాయీ ఉంది. మందలించాల్సింది పోయి నేను వాళ్ళమ్మతో, “ఎందుకు తోలుకొచ్చినవ్ అక్కా, ఇంట్ల ఉంచకపోయినవా?” అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నేను మళ్ళీ పాట అందుకున్నాను.

2024 సెప్టెంబరులో ఇంటిల్లిపాదీ టీవీ చూస్తున్నాం. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లలో పరుగెత్తి, అప్పటికి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం కూడా తెచ్చింది. ఆ అమ్మాయిదీ బుద్ధిమాంద్యమే. కూలి చేసుకుని పెంచిన ఆ తల్లిదండ్రులు, చిన్నప్పుడు బిడ్డను ఊళ్ళోవాళ్ళు ఎన్నేసి మాటలన్నారో చెప్పుకున్నారు.

“ఛీ, ఏం మనుషులో!” అన్నాను.

“నువ్వు గూడ ఇంట్ల ఉంచుమన్నవ్ గదమ్మా!” అంది మా అమ్మాయి.

నాకు నోట మాట రాలేదు. పిల్లలు వెక్కిరింతను బడిలోనే నేర్చుకుంటారని అనుకుంటాం. మా ఇంట్లో నేర్పింది నేనే.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. తప్పయిందన్నాను. ఆ తల్లి కోపగించుకోలేదు. “అప్పటిసంది బతుకమ్మ పాట వినబడితే చాలు, తలుపు చాటుకు పోతున్నది” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నేనొక్క నిమిషంలో మరిచిపోయింది, ఆ పసిది ఏడాదంతా మోసింది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మా అమ్మాయే వెళ్ళి పిలుచుకొచ్చింది. మొదట గుమ్మం దాటలేదు. రెండోసారి పిలిస్తే వచ్చింది. మా ఇద్దరి నడుమ నిలబెట్టుకున్నాం. చప్పట్లు అప్పుడూ కలవలేదు. అయితే ఏమైంది? బతుకమ్మ అలిగిందా? ఎవరి సద్దులైనా తగ్గాయా?

అక్కలారా, చెల్లెలారా! దీప్తికి పతకం వచ్చింది కనుక అందరం మెచ్చుకున్నాం. పతకం రాని పిల్లల మాటేమిటి? వాళ్ళకు మర్యాద అక్కర్లేదా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు. వైకల్యం నలభై శాతానికి తగ్గకుండా ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. వాళ్ళను బడి మాన్పించకండి. ఎదుటివాళ్ళ పిల్లలైతే ఆ తల్లికి ఈ సంగతి చెప్పండి.

కానీ చట్టం వచ్చి మన పిల్లలకు మర్యాద నేర్పదు. ‘కుంటి, గుడ్డి, తిక్క’ అన్న మాటలు ముందు మన నోట రాకుండా చూసుకుందాం. ఈసారి పేరంటానికి పిలిచేటప్పుడు ఆ తల్లితో, “పాపను కూడా తీసుకురా” అని ఒక్క మాట అనండి. ఖర్చు లేని పని!