లీటరుకి 18

ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, సీసాతో కొలిచి సరిగ్గా ఒక లీటరు పోసుకుని బందరు నుంచి మంగినపూడి బీచికి బయల్దేరాను. పోను 11 కిలోమీటర్లు, రాను 11. తిరిగొస్తుంటే చిలకలపూడి దగ్గర బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మీటరు చూస్తే 18.

అది మా నాన్న బండి. 1987 మోడల్ బుల్లెట్ 350. ఆయన పోయాక ఎనిమిదేళ్లు వసారాలో గోనెపట్టాల కింద ఉంది. సముద్రం గాలికి ఊచలు తుప్పుపట్టి, సైలెన్సర్ చిల్లులు పడింది. పోయినేడు హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌కి ఇచ్చి, ఆరు నెలలు ఆగి, 1,20,000 ఖర్చుపెట్టి బాగుచేయించాను. తిరిగొచ్చిన రోజు అమ్మ దాన్ని చూసి, "పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా ఇంత మెరవలేదురా మీ నాన్న" అంది.

కానీ 18. ఈ బండి సరిగ్గా ఉంటే 30 దాటాలి. నాన్నయితే 35 అనేవారు.

తోసుకుంటూ వస్తుంటే టీ బడ్డీ దగ్గర ఒక పెద్దాయన అడిగాడు: "పైకి బంగారంలా ఉందే! మా ఊరి బంగారమా ఏంటి?" చిలకలపూడి బంగారమంటే ఏంటో మా వైపు చెప్పక్కర్లేదు. లోపల రాగో ఇత్తడో, పైన మెరుగు. నవ్వాను గానీ, లోపల హైదరాబాద్ వర్క్‌షాప్ అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ రాత్రే అతనికి ఫోన్ చేసి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసేలా మాట్లాడాను. అతను ఎక్కువ మాట్లాడలేదు. "ఒకసారి తీసుకురండి సార్, చూద్దాం" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

మర్నాడు కోనేరు సెంటర్ వైపు ఉండే మెకానిక్ బాబాయి దగ్గరకి తీసుకెళ్లాను. బుల్లెట్లు తప్ప ఇంకో బండి ముట్టుకోడు. కార్బరేటర్ విప్పుతాడనుకుంటే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కార్బరేటర్ ఆఖర్న బాబూ. ముందు బండి నిజంగా తాగుతోందా, మీటరు అబద్ధం చెబుతోందా చూద్దాం."

ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని మళ్లీ మంగినపూడి వెళ్లాను. ఫోన్ 11 అంటే మీటరు 10 అంది. ముందు చక్రంలో మీటరు తిప్పే డ్రైవు వేరే మోడల్‌ది పడిందట. అంటే మొన్న ఆగిపోయేసరికి నిజంగా నడిచింది 20. ఏ రిపేరూ చేయకుండానే మైలేజీ రెండు పెరిగింది.

రెండోది ఇంకా తేలిక. అటునుంచి రాగానే వెనక చక్రం డ్రమ్ మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టి వెంటనే తీసేశాను. కొత్త బ్రేకు షూలు, నట్టు బిగుతు. బ్రేకు వేయకపోయినా పట్టుకునే ఉన్నాయి. ఇంజిన్ లాగుతుంటే చక్రం వెనక్కి లాగుతోందన్నమాట. రెండు చుట్లు వదులు చేసి, బండిని స్టాండెక్కించి చక్రాన్ని వేలితో తిప్పాడు. అది చాలాసేపు తిరిగింది. లెక్క 22కి వచ్చింది.

ఆ తర్వాత పాయింట్లు. ఈ పాత బుల్లెట్లలో ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ నిప్పురవ్వ కాస్త ముందుగా పడాలి. దానికి లోపల రెండు చిన్న బరువులు, వాటికి స్ప్రింగులు ఉంటాయి. పాత గ్రీజు బిగుసుకుపోయి అవి కదలడం లేదు. రవ్వ ఆలస్యంగా పడుతుంటే మంట బలం పిస్టన్‌ని తొయ్యడానికి బదులు సైలెన్సర్‌ని కాలుస్తుంది. మనం ఇంకాస్త ఎక్సలేటర్ ఇస్తాం. కిరసనాయిలుతో కడిగితే 24.

అప్పుడు ప్లగ్గు తీశాడు. ఇటుకపొడి రంగులో ఉండాల్సింది, పొయ్యిమీద గిన్నె అడుగులా మసి. గాలికి సరిపడని పెట్రోలు లోపలికి వెళ్తోంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. చోక్ సరిగ్గానే మూసుకుంటోంది. ఫ్లోటు మట్టం బాగానే ఉంది. ఇక మిగిలింది జెట్లు. గోరంత ఇత్తడి ముక్కలు, వాటికి సూది మొనంత రంధ్రాలు. ఇంజిన్ ఎంత తాగాలో నిర్ణయించేది ఆ రంధ్రాలే.

బాబాయి వాటిని వెలుతురుకి పట్టి చూసి, "నా కళ్లకి ఆనట్లేదు" అన్నాడు. మా మేనమామ చిలకలపూడిలో నగల పని చేస్తాడు. కాగితంలో పొట్లం కట్టుకుని తీసుకెళ్లాను. మావయ్య కంటికి భూతద్దం బిగించుకుని ఒక్కోటీ తిప్పి చూశాడు.

"ఇది గుండ్రంగా లేదురా, కోడిగుడ్డులా అయింది" అన్నాడు నీడిల్ జెట్‌ని. ఏళ్ల తరబడి నీడిల్ లోపల కొట్టుకుంటూ అరగదీసింది. మిగతా రెండింటినీ ఇంకాసేపు చూశాడు. "వీటిలో గీతలున్నాయి. ఎవరో తీగ పెట్టి తిప్పారు. ఇత్తడి మెత్తనిది. ఇనప తీగ పెట్టి పొడిస్తే శుభ్రమవడం కాదు, పెద్దదవుతుంది."

వర్క్‌షాప్ వాడే. ఇంకేముంది! మళ్లీ ఫోన్ చేసి కడిగేద్దామనుకుంటూ ఇంటికొచ్చాను. సాక్ష్యం కోసమని నాన్న పెట్రోలు డైరీలు తీశాను. ఆయన అవనిగడ్డ, కోడూరు దాకా తిరిగే ఉద్యోగం చేశారు. ట్యాంకు నింపిన ప్రతిసారీ తేదీ, మీటరు, లీటర్లు రాసేవారు. కొత్త బండి 34 ఇచ్చింది. 1996కి 30. 2002కి 26.

కొన్ని పేజీల అంచున చిన్న అక్షరాలు: "జెట్టు శుభ్రం చేశాను." రెండు మూడు నెలలకొకసారి ఉంది. అది ఉన్నచోటల్లా కింది అంకె కాస్త తగ్గింది, ఒక్కసారీ పెరగలేదు. ఒకచోట పక్కనే విసుగ్గా: "బంకులో కల్తీ."

టూల్ బాక్సు అడుగున, నూనె గుడ్డలో చుట్టి, వంకర తిరిగిన సన్నటి ఇనప తీగ దొరికింది.

ఆదివారం ఉదయాలు నాన్న వసారాలో పీట వేసుకుని కార్బరేటర్ విప్పడం నాకు బాగా గుర్తు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తీగని కన్నంలో తిప్పి, ఉఫ్ అని ఊది, వెలుతురు కనబడుతోందా అని నా కంటి దగ్గర పెట్టేవారు. కనబడుతోంది నాన్నా అనేవాణ్ని. వెలుతురు ప్రతిసారీ కొంచెం ఎక్కువే కనబడి ఉంటుంది.

కొత్త జెట్లు, నీడిల్ వేయించాను. 30. ఆ పైన రాలేదు, రాకపోయినా ఫర్వాలేదు.

హైదరాబాద్‌కి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. మీటరు డ్రైవు, బ్రేకు మా తప్పులే సార్ అని అతనే ఒప్పుకున్నాడు. జెట్ల సంగతి చెబితే కాసేపు ఆగి, "అవి అరిగాయని అప్పుడే తెలుసు సార్" అన్నాడు.

"మరి మార్చలేదేం?"

"మీరేగా కాగితం మీద రాసిచ్చారు, నాన్నగారు చెయ్యిపెట్టినవేవీ మార్చొద్దని."