ఆ చట్టం దారిలో మూడు ఊళ్లు

మదనపల్లె అనగానే టమాటా మార్కెట్టు, 1919లో రవీంద్రుడు బస చేసిన దివ్యజ్ఞాన కళాశాల గుర్తొస్తాయి. 'జనగణమన'ను ఆయన ఇంగ్లిషులోకి అనువదించిందీ, బాణీకి మార్గరెట్ కజిన్స్ స్వరాలు కూర్చిందీ ఇక్కడే. కజిన్స్‌కి ఇంకో కథ ఉంది. 1917లో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించిన వాళ్లలో ఆమె ఒకరు. పదేళ్ల తర్వాత మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి, ఆ సంఘం అండతోనే దేవదాసీ వ్యవస్థ రద్దుకు పట్టుబట్టారు. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే.

ఎవరి బతుకు మీద చట్టం వస్తోందో వాళ్లు ఊరుకోలేదు. 'రాధికా సాంత్వనం' అచ్చువేయించిన బెంగళూరు నాగరత్నమ్మ, తోటి దేవదాసీలతో కలిసి 1927లోనే ప్రభుత్వానికి నిరసన తెలిపారు. తమను వేశ్యలతో కలిపేయొద్దన్నది వాళ్ల వాదన. అదే వర్గంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం మాత్రం రద్దే కావాలన్నారు. ఒకే ఇంట్లో రెండు మాటలన్నమాట! చట్టం 1947లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1988లో చేసిన చట్టంలో జోగిని, బసివిలతో పాటు చిత్తూరు వైపు వినిపించే మాతమ్మ పేరూ చేరింది.

పొట్టి ఆవుల పుంగనూరులో సందు తిరిగితే గుడి, లేదంటే బడి. గుడికీ బడికీ ఆస్పత్రికీ 200 మీటర్ల లోపు వ్యభిచారం నేరమంటుంది 1956 నాటి కేంద్ర చట్టం. ఇక చిన్న ఊళ్లో మిగిలే చోటేది? ఆ సంపాదన మీద బతికితే, పద్దెనిమిదేళ్లు దాటిన కొడుకైనా ముసలి తల్లైనా నేరస్థులే. 2006లో విటులను శిక్షించే సవరణ బిల్లు వస్తే సెక్స్ వర్కర్లే ఢిల్లీ వీధుల్లోకొచ్చి వద్దన్నారు. 2009లో అది మురిగిపోయింది.

పలమనేరు, వి.కోట దాటితే కుప్పం. ఒకవైపు తమిళం, మరోవైపు కన్నడం. ఎల్లలు దాటితే భాష మారుతుంది గానీ ఈ చట్టం మారదు. 2011లో సుప్రీంకోర్టు వేసిన కమిటీలో కోల్‌కతా సెక్స్ వర్కర్ల సంఘం 'దుర్బార్'కు చోటు దక్కింది. నాగరత్నమ్మ వాదన వేరు, వీళ్ల వాదన వేరు. మమ్మల్ని అడగకుండా మా చట్టం రాయొద్దన్నదే ఉమ్మడి. చట్టాలు మార్చేటప్పుడు సెక్స్ వర్కర్లను సంప్రదించాలని కమిటీ సిఫారసు చేసింది. కొన్ని సిఫారసులపై కేంద్రం అభ్యంతరం చెప్పింది. మిగతావి అమలు చేయాలని 2022 మే 19న తెలుగువాడైన జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు ధర్మాసనం ఆదేశించింది. చిరునామా రుజువు లేకున్నా ఎయిడ్స్ నియంత్రణ అధికారుల ధ్రువీకరణతో ఆధార్ ఇవ్వాలనీ, ఆ కార్డు మీద వృత్తిని పట్టించే గుర్తేదీ ఉండకూడదనీ చెప్పింది.