మొహెంజొదారో నగలో మన బంగారమా?

రామకుప్పం బస్టాండులో నిలబడి 'మొహెంజొదారోకు దారెటు?' అని అడిగితే నవ్వుతారు. ఎక్కడి సింధు నది, ఎక్కడి చిత్తూరు జిల్లా కొస! మధ్యలో దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరం. అయినా ఆ రెండింటికీ ఓ సన్నని తీగతో ముడి ఉందని ఒకప్పుడు పండితులు అనుకున్నారు. ఆ తీగ... బంగారం!

రామకుప్పం నుంచి కుప్పం మీదుగా గుడుపల్లె మండలంలోకి వెళ్తే చిగురుగుంట, బిసానత్తం వస్తాయి. కోలారు పసిడి రాళ్ల పట్టీ రాష్ట్రాల హద్దులు చూసుకోకుండా ఇక్కడిదాకా పాకింది. భారత్ గోల్డ్ మైన్స్ తవ్విన ఈ గనులు కూడా 2001లో కోలారు గనులతోపాటే మూతపడ్డాయి. సరిహద్దు దాటి కేజీఎఫ్ వెళ్తే ఊరి పక్కనే బూడిదరంగు గుట్టలు కనిపిస్తాయి. అవి గుట్టలు కావు, బంగారం తీసేశాక పారబోసిన రాతిపిండి. జనం 'సైనైడ్ దిబ్బలు' అంటారు.

ఇదంతా తెల్లదొరలు కనిపెట్టిన సంపదే అనుకుంటాం. కానీ 1802లో మైసూరు హద్దుల సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్‌కు ఈ పల్లెల వాళ్లే మట్టి తెచ్చి, ఎదురుగా కడిగి పసిడి రేణువులు చూపించారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగేసరికే నేలలో పాత గుంతలున్నాయి. మందుగుండు తెలియని రోజుల్లో దక్షిణాది గనుల్లో రాతికి మంట పెట్టి, కాగాక నీళ్లు కొట్టి పగలగొట్టేవారు. ఆ చేతులెవరివో ఏ పుస్తకంలోనూ లేదు.

మరి మొహెంజొదారో సంగతి? అక్కడ దొరికిన నగల్లో కొన్ని లేత రంగువి. బంగారంలో వెండి కలిసి ఉండటమే కారణం. అలాంటిది కోలారు, అనంతపురం ప్రాంతాల్లో దొరుకుతుంది కాబట్టి ఇక్కడినుంచే వెళ్లి ఉండొచ్చని భూగర్భ శాస్త్రవేత్త ఎడ్విన్ పాస్కో భావించారు. జాన్ మార్షల్ 1931లో వెలువరించిన తవ్వకాల నివేదికలో ఆ మాట ఉంది.

వినగానే ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ తొందర వద్దు! కోలారు ఛాంపియన్ రీఫ్ పాత గుంతలో దొరికిన కలపను రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే సుమారు 1,300-1,500 ఏళ్ల నాటిదని తేలింది. మొహెంజొదారో వైభవం నాలుగు వేల ఏళ్లకు పైబడినది. మధ్యలో వేల ఏళ్ల ఖాళీ. పైగా సింధు ఎగువ నదుల ఇసుకలో, అఫ్గానిస్థాన్‌లో కూడా బంగారం ఉంది. కాబట్టి పాస్కో మాట ఊహే... రుజువు కాదు.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. రుజువంటూ ఉంటే అది ఆ పాత గుంతల్లోనే దొరకాలి. కాలిన బొగ్గు, కలప ముక్క, రాయి నూరిన గుంట... ఇవే అక్కడి శాసనాలు. 1915లో రాయచూరు ప్రాంతంలోని మస్కి దగ్గర బంగారం కోసం తిరిగిన బీడన్ అనే గనుల ఇంజినీరుకు అశోకుడి పేరున్న శాసనమే దొరికింది!

గనులు మళ్లీ తెరవాలన్న మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. తెరిస్తే పనులు దొరుకుతాయి, మంచిదే. కానీ యంత్రం ముందుగా మింగేది ఆ పాత గుంతలనే. తవ్వేముందు ఒక్కసారి కొలిచి, ఫొటో తీసి, పిడికెడు బొగ్గు దాచమని అడుగుదాం. బడిలో మన పిల్లలు ఈజిప్టు, సింధు పాఠాలు చదువుతున్నారు. వాటి పక్కన మన ఊరి పేజీ ఖాళీగా ఉంది. అది నిండకముందే చిరిగిపోకూడదు.

ఎలా వెళ్లాలి?
చెన్నై-బెంగళూరు రైలు మార్గంలో కుప్పం స్టేషన్ ఉంది. అక్కడి నుంచి గుడుపల్లె వైపు రోడ్డు మార్గం. కేజీఎఫ్‌కు బంగారుపేట మీదుగా రైలు ఉంది. మూతపడిన గనుల్లోకి మాత్రం దిగొద్దు, ప్రమాదం.