అడ్రసు తప్పిన పెట్టె

మంత్రాలయం రోడ్డు స్టేషన్‌లో దిగి, "మఠం ఏదీ?" అని బిక్కమొహం వేసుకుని అటూ ఇటూ చూసే యాత్రికుల్ని మీరెప్పుడైనా చూశారా? నేను చాలామందిని చూశాను. పేరులో మంత్రాలయం ఉందే గాని, ఊరు అక్కడికి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. రైలు తన పని తాను చేసింది. ఇక ఎక్కడికి పోవాలో ఆటో అబ్బాయికి చెప్పవలసింది మనమే.

మా ఇంట్లో ఉన్న చిన్న పెట్టెదీ ఇదే కథ అని మొన్నటిదాకా నాకు తెలియదు.

అది అరచేతిలో ఇమిడే కంప్యూటరు. రాస్ప్‌బెర్రీ పై అంటారు. 2012లో ఇంగ్లండులో మొదటిసారి అమ్మకానికి వచ్చిందట. మా అబ్బాయి దాన్ని టీవీకి తగిలించి, పక్కన ఒక హార్డు డిస్కు పెట్టి వెళ్లాడు. "ఇంతేనా! అగ్గిపెట్టెకు అన్నలా ఉంది" అన్నారు మావారు. ఆయన చూపెప్పుడూ సైజు మీదే. పెళ్లిచూపుల్లో నన్ను చూసి కూడా "కాస్త పొట్టేమో" అన్నారు.

కాని ఆ డిస్కులో ఉన్నది చిన్న సంగతి కాదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. బీరువా కింది అరలో ఉన్న ఆల్బాలన్నీ నానిపోయాయి. ఎండబెడితే నా పెళ్లి ఫోటోలో చీర అంచు మిగిలింది గాని మొహం మిగల్లేదు. దక్కిన నాలుగు ఫోటోలనూ, మా అత్తగారు పోయేముందు మనవడికి చెప్పిన కబుర్లనూ, పాడిన ఊయల పాటనూ వాడు ఆ డిస్కులో దాచాడు. ఆవిడా నేనూ ముప్ఫై ఏళ్లు పప్పులో ఉప్పు గురించి వాదించుకున్నవాళ్లమే. ఇప్పుడేమో గురువారం పూజ అయ్యాక ఆ గొంతు వినందే నాకు అన్నం సహించదు.

ఒక గురువారం పెట్టె పలకలేదు. టీవీ నిండా నలుపు, తెల్ల అక్షరాలు. ఆఖరి లైను: ఎస్‌డీఏ 2 అనే రూట్ డివైసు కోసం ఎదురు చూస్తున్నానని. గంటసేపు నేను దాన్ని చూశాను, అది ఇంకెవరి కోసమో చూసింది. మళ్లీ ఏరు ఇంట్లోకి వచ్చినట్టయింది నాకు.

అబ్బాయికి ఫోను చేశాను.

"కొత్తగా ఏమన్నా గుచ్చినావామ్మా?"

"నేనేం గుచ్చలేదు నాయనా!"

"పక్కింటామె ఇచ్చిన భజనల పెన్‌డ్రైవు ఎవరు గుచ్చినారో?" అన్నారు మావారు, పేపరు వెనకనుంచి.

అది పీకి, కరెంటు తీసి మళ్లీ వేస్తే అత్తగారు పలికారు. నేను కొంగుతో కళ్లు తుడుచుకుని, "అసలేమైందిరా?" అని అడిగాను.

లోపల నడిచేది లినక్సట. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి మొదలుపెట్టాడు. ముందు కెర్నలు లేస్తుంది. లేచిందే గాని దానికి ఇల్లెక్కడో తెలియదు. సామానంతా ఏ డిస్కులో, ఏ భాగంలో ఉందో 'రూట్ ఈక్వల్స్' అని ఒక లైనులో రాసివ్వాలి. వీడు ఎస్‌డీఏ 2 అని రాశాడు. అంటే, మొదట కనబడిన డిస్కులో రెండో భాగం. ఆ రోజు పెన్‌డ్రైవు ముందుగా పలికి ఎస్‌డీఏ పేరు కొట్టేసింది. మన డిస్కు ఎస్‌డీబీ అయింది. పెన్‌డ్రైవులో రెండో భాగమే లేదు. ఆ లైనులోనే 'రూట్‌వెయిట్' అని ఇంకో మాట ఉంది. డిస్కు తెమలడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, అందాకా ఆగు అని. అది లేకపోతే కెర్నలు బెంబేలెత్తి, 'పానిక్' అని రాసి ఆగిపోయేదట. ఉంది కనుక రాని చుట్టం కోసం కూర్చుంది.

నాకు వెంటనే అర్థమైంది. మా ఇంటికి 'టీ అంగడి పక్కిల్లు' అని గుర్తు చెప్పేవాళ్లం. సందు మొదట్లో ఇంకో టీ అంగడి పెట్టాక మా చెల్లెలు వేరే వాళ్ల తలుపు తట్టి, కాఫీ కూడా తాగి వచ్చింది.

"మరి పేరు పెట్టి పిలవరాదూ?" అన్నాను.

"అదే చేద్దాం" అన్నాడు. డిస్కులో ప్రతి భాగానికీ పార్ట్‌యూయూఐడీ అని సొంత నంబరు ఉంటుందట. ఎవరు ముందొచ్చినా అది మారదు. పెట్టెలోని మెమరీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టి, వాడు చెప్పిన ఫైలు తెరిచి, ఎస్‌డీఏ 2 చెరిపాను. డిస్కు అట్టపెట్టె మీద వాడు రాసిపెట్టిన నంబరు మావారు చదివారు. అంకెలూ అక్షరాలూ కలిపి ఎనిమిది, ఒక గీత, సున్నా, రెండు. ఆయన 'బి'ని రెండుసార్లు 'డి' అన్నారు. "మధ్యలో ఎంటరు కొట్టద్దమ్మా, అంతా ఒకే లైనులో ఉండాల" అని అబ్బాయి మూడుసార్లు చెప్పాడు.

ఇప్పుడు భజనల పెన్‌డ్రైవూ ఉంది, అత్తగారూ ఉన్నారు. మర్నాడే ఇంకో డిస్కు కొనిపించి అంతా కాపీ చేయించాను. దాన్ని బీరువా పై అరలో పెట్టాను.

నిన్న గురువారం వంట చేస్తూ ఆవిడ కబుర్లు పెట్టుకున్నాను. ఏదో చెబుతూ మధ్యలో, "మీ అమ్మ పప్పులో ఎప్పుడూ ఉప్పు తక్కువేస్తుందిరా" అన్నారు.

రుచి చూశాను. తక్కువే.