పసుపులో మూడు పసుపులు

పోపుల డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసి కాస్త ఎసిటోన్‌లో కలపండి. సిలికా జెల్ పూసిన చిన్న అల్యూమినియం ప్లేటు తీసుకుని, అడుగు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో పెన్సిల్‌తో గీత గీయండి. సన్నటి గాజు కేపిలరీతో ఆ పసుపు రసాన్ని గీత మీద చుక్కగా పెట్టి ఆరనివ్వండి. బీకరులో క్లోరోఫామ్, దాంట్లో కొంచెం మిథనాల్ పోసి, ప్లేటును నిలబెట్టి మూత వెయ్యండి. ఇదంతా కాలేజీ ల్యాబ్‌లో, ఫ్యూమ్ హుడ్ కిందే సుమా, ఇంట్లో కాదు. ద్రావకం చుక్క కంటే కిందే ఉండాలి. ఇక కళ్లప్పగించి చూడండి. తడి మెల్లగా పైకి పాకుతుంది. చుక్కను అందుకుంటుంది, పైకి లాగుతుంది, చుక్క కాస్త సాగుతుంది, నడుము దగ్గర సన్నబడుతుంది, విడిపోతుంది. కాసేపటికి ఒకదాని మీద ఒకటిగా మూడు చుక్కలు. మూడూ పసుపే!

నేను డిగ్రీ ఫైనలియర్. సెమినార్ పేపరుకి మాస్టారు నాకు ఇలా విడదీసే విద్యనే, అంటే క్రొమటోగ్రఫీని, ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ముఖానికీ, గడపకీ, పప్పులోకీ వాడుతున్న పసుపులో ముగ్గురు దాక్కున్నారని ఆ రోజు దాకా నాకెవరూ చెప్పలేదు. అన్నిటికంటే పైకి ఎక్కేది కర్క్యుమిన్. దాని కింద డిమిథాక్సీ కర్క్యుమిన్. అందరికంటే కింద బిస్‌డిమిథాక్సీ కర్క్యుమిన్. మొదటి దానికి మిథాక్సీ గుంపులు రెండు, రెండో దానికి ఒకటి, మూడో దానికి అసలు లేవు. తేడా అంతే! కార్బను, ఆక్సిజను, మూడు హైడ్రోజన్లు ఉన్న ఆ కాస్త ముక్క ఉందా లేదా అన్నది కంటికి కనబడే దూరంగా మారిపోయింది. స్కేలు పెట్టి కొలవొచ్చు. చుక్క నడిచిన దూరాన్ని ద్రావకం నడిచిన దూరంతో భాగిస్తే వచ్చేదే ఆర్ఎఫ్. అణువులోని తేడాని స్కూలు స్కేలుతో కొలవడం! ఇంతకంటే గొప్ప విద్య ఇంకేముంటుంది చెప్పండి.

గీత పెన్సిల్‌తోనే గీయాలని మాస్టారు ఎందుకు పట్టుబట్టారో కూడా చెప్తాను. పెన్నుతో గీస్తే ఆ సిరా కూడా ద్రావకంతో బయల్దేరి, దానిలోని రంగులు దానికవే విడిపోతాయి. పెన్సిల్‌లో ఉన్న గ్రాఫైట్ మాత్రం ఎక్కడికీ కదలదు.

అసలు ఎందుకు విడిపోతాయి? విజయనగరం సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర్నుంచి కోట వైపు ఒకేసారి బయల్దేరిన జనాన్ని తలుచుకోండి. గాజుల దుకాణం చూస్తే ఆగకుండా ఉండలేని వాళ్లు వెనకపడతారు, జేబులో పైసా లేని కుర్రాడు అందరికంటే ముందు కోట చేరతాడు. ఎవరూ ఎవర్నీ విడదీయలేదు. ఆగడంలో ఉన్న తేడాయే విడదీసింది. ఇక్కడ సిలికా ఆ దుకాణం, క్లోరోఫామ్ ఆ జనప్రవాహం. మిథాక్సీ లేని అణువుకి సిలికా మీద మక్కువ ఎక్కువ, అందుకే కిందే ఉండిపోయింది. క్రొమటోగ్రఫీ రకాలు ఎన్నున్నా, లోపల జరిగేది ఇదే.

దీన్ని మొదట కనిపెట్టిన మనిషి రసాయన శాస్త్రవేత్త కూడా కాదు, మొక్కల శాస్త్రవేత్త! మిఖాయిల్ త్స్వెట్. ఆకుపచ్చ రంగు అసలు ఒకటేనా అన్నది ఆయన సందేహం. 1903లో వార్సాలో తన పద్ధతి గురించి చెప్పాడు, 1906లో జర్మన్ వృక్షశాస్త్ర పత్రికలో దానికి పేరు పెట్టి అచ్చు వేయించాడు. గాజు గొట్టంలో కాల్షియం కార్బొనేట్ పొడి కూరి, పైనుంచి ఆకుల రసం పోసి, ద్రావకంతో కడిగితే, గొట్టంలో పచ్చని, పసుపుపచ్చని పట్టీలు వరసగా దిగాయి. క్లోరోఫిల్ ఒకటి కాదు, రెండని ఆ పట్టీల్లో విడివిడిగా కంటికి కనిపించింది. ఆనాటి పెద్దలు చాలామంది పట్టించుకోలేదు. 1919లో, యాభై నిండకుండానే, పోయాడు. 1931లో జర్మనీలో కూన్, లెడరర్ అనే శాస్త్రవేత్తలు కెరోటిన్లను ఇదే పద్ధతిలో వేరుచేశాకే లోకం కళ్లు తెరిచింది. ఆయన అది చూడలేకపోయాడని చదివినప్పుడు, మా తాతగారి కంటే ముందు తరం మనిషి కోసం నిజంగా బాధేసింది.

ఇంకో కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మాది నెల్లిమర్ల, జూట్ మిల్లు ఊరు. కెమిస్ట్రీ అంటే ఎక్కడో మహానగరాల్లో పుడుతుందనుకునేదాన్ని. మార్టిన్, సింజ్ అని ఇద్దరు ఇంగ్లండులోని లీడ్స్‌లో పనిచేశారు. ఎక్కడా? ఉన్ని పరిశ్రమ కోసం పెట్టిన పరిశోధనశాలలో! ఉన్నిలోని అమైనో ఆమ్లాలను విడదీయాలని తలపెట్టి, 1941లో పార్టిషన్ క్రొమటోగ్రఫీ పద్ధతి ప్రకటించారు. ద్రావకం బదులు వాయువైనా వాడొచ్చని ఆ పేపర్లోనే రాసిపెట్టారు. పదేళ్లు ఎవరూ ఆ వాక్యాన్ని అందుకోలేదు. చివరికి మార్టినే జేమ్స్ అనే సహచరుడితో కలిసి 1952లో గ్యాస్ క్రొమటోగ్రఫీ చేసి చూపించాడు. అదే ఏడాది మార్టిన్‌కీ సింజ్‌కీ నోబెల్ వచ్చింది. మిల్లు ఊరి పిల్లగా నాకు ఈ పేజీ ఎంత నచ్చిందో!

మా పెదనాన్న గారి అబ్బాయి పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగం, క్యూసీలో చేస్తాడు. విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లే హైవే మీద రణస్థలం మండలంలో అది. డాక్టర్ రెడ్డీస్, అరబిందో లాంటి కంపెనీల ఫ్యాక్టరీలున్నాయి. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కెమిస్ట్రీ చదివినవాళ్లలో ఎందరో ఆ కంపెనీల బస్సులే ఎక్కుతారు. నా పేపరు సంగతి చెప్తే అన్నయ్య నవ్వాడు. “ఏటమ్మా, క్రొమటోగ్రఫీ మీద రాస్తన్నావా? మాకు పొద్దున్న లేస్తే అదే పని కదా!” ఇన్నాళ్లూ పండక్కి ఇంటికొచ్చి “పీక్ సరిగా రాలేదు”, “బేస్‌లైన్ ఊగుతోంది” అని ఫోన్లో మాట్లాడుతుంటే అదేదో ఆఫీసు గొడవనుకున్నాను. అది త్స్వెట్ గొట్టమే!

అన్నయ్య వాళ్ల యంత్రంలో గాజు గొట్టం పోయి స్టీలుది వచ్చింది. పాతిక సెంటీమీటర్ల పొడవు, లోపల నాలుగున్నర మిల్లీమీటర్ల చిల్లరే వెడల్పు. అందులో 5 మైక్రాన్ల సిలికా రేణువులు, వాటి ఒంటి నిండా 18 కార్బన్ల గొలుసులు. అంత బిగుతుగా కూరిన గొట్టంలోంచి ద్రావకం తనంతట తను దిగదు కాబట్టి పంపు పెట్టి తోస్తారు. రెండొందల బార్ వరకూ ఒత్తిడి మామూలేనట. సముద్రంలో రెండు కిలోమీటర్ల లోతున ఉండేంత ఒత్తిడి, నిమిషానికి ఒక మిల్లీలీటరు ధార కోసం! పైగా ఇక్కడ వరస తిరగబడుతుంది. ఆ గొలుసులకి జిడ్డు స్వభావం ఉన్న అణువులంటే ఇష్టం, నీటి స్వభావం ఉన్నవి ముందే బయటపడతాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద ఒక శిఖరం లేస్తుంది. అసలు మందు పెద్ద శిఖరం. పక్కన గడ్డిపోచలా లేచేది ఇంపురిటీ. అది నూటికి 0.1 వంతు దాటితే చాలా మందుల విషయంలో అదేమిటో తేల్చి చెప్పాల్సిందే, అంతర్జాతీయ నియమం. మనం జ్వరానికి వేసుకునే బిళ్ల వెనకాల ఎవరో ఒక అన్నయ్య నైట్ షిఫ్టులో ఆ గడ్డిపోచను చూస్తూ కూర్చున్నాడన్నమాట.

2003లో మన దేశపు కారంలో సూడాన్ రంగు కలిసిందని యూరప్ పట్టుకున్నదీ ఇలాంటి యంత్రాలతోనే. ఎర్రగా ఉన్న కారంలో ఇంకో ఎరుపును వెతకడం కంటికి చేతకాదు. ఇక ఇంటికి దగ్గరి సంగతి: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదమిత్థంగా ఇంకా తేలలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు నీళ్లలో పురుగుమందుల జాడ ఉందా, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అని అడగాలన్నా నీళ్లలో ఉన్నవాటిని విడదీసే ఈ విద్య పనికొస్తుంది. తేటగా కనిపించే గ్లాసుడు నీళ్లను వరసలో నిలబెట్టి పేరుపేరునా పిలవగలిగే పని నేర్చుకోవాలని నాకు ఇప్పుడు గట్టిగా ఉంది.

పేపరుకి విషయం కుదించుకున్నాను. ఏజెన్సీ సంతలో కొన్న పసుపు కొమ్ములు మేమే దంచి తీసిన పొడి, ఊళ్లో విడిగా అమ్మే పొడి, ప్యాకెట్ పొడి, మూడిటినీ ఒకే ప్లేటు మీద పక్కపక్కన నడిపిస్తాను. నాలుగో చుక్కగా మెటానిల్ యెల్లో పెడతాను. కల్తీకి వాడే ఆ రంగుకి సిలికా అంటే విపరీతమైన మక్కువ, ఈ ద్రావకంలో గీత దగ్గర్నుంచి పెద్దగా కదలదు. ఏ పొడి కిందైనా గీత మీదే పసుపు చుక్క మిగిలిపోతే, దాన్ని గీకి తీసి, వేరే ద్రావకంలో మెటానిల్ యెల్లో పక్కనే మళ్లీ నడిపించి, రెండూ ఒకే ఎత్తుకి వస్తాయో లేదో చూడాలి. ప్లేట్ల ఇండెంటుకి మాస్టారు సంతకం పెట్టేశారు.