మిరియాల గిడ్డంగిలో లోకమంతా!

కొచ్చిన్ పేరు చెప్పగానే మన సినిమా ప్రియుల కళ్ళ ముందు కదిలేది ఒకటే దృశ్యం. సాయంసంధ్య, నీళ్ళ మీదికి వంగిన పెద్ద పెద్ద చైనా వలలు, వాటి ముందు ఓ యుగళగీతం! ఆ వలలు ఎన్ని భాషల పాటల్లో నటించాయో లెక్క తీస్తే జూనియర్ ఆర్టిస్టుల సంఘం వాళ్ళు వాటికి సభ్యత్వం ఇచ్చి తీరాలి. ఆ పాటలు చూసే నేనూ మొదటిసారి ఆ ఊరు వెళ్ళాను లెండి. కానీ వలల దగ్గర్నుంచి ఒడ్డు వెంట పావుగంట నడిస్తే పాత పెంకుల కప్పులతో, సముద్రం వైపు తెరుచుకున్న వాకిళ్ళతో ఓ పెద్ద ప్రాంగణం వస్తుంది. దాని పేరు ఆస్పిన్‌వాల్ హౌస్. మన కథంతా అక్కడే.

1867లో జాన్ ఆస్పిన్‌వాల్ అనే ఇంగ్లీషు వర్తకుడు స్థాపించిన కంపెనీది ఆ ప్రాంగణం. మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరి నూనె ఇక్కణ్ణించి ఓడలెక్కేవి. ఆ గిడ్డంగుల్లోనే 2012 డిసెంబరు 12న, అంటే 12-12-12న, కొచ్చి-ముజిరిస్ బియన్నాలే మొదలైంది. బియన్నాలే ఇటాలియన్ మాట. రెండేళ్ళకోసారి జరిగేది అని అర్థం. వెనిస్‌లో 1895 నుంచీ జరుగుతోంది. అక్కడ దేశానికో పెవిలియన్ ఉంటుంది. మన ఎగ్జిబిషన్ గ్రౌండులో శాఖకో స్టాలు పెట్టినట్టన్నమాట! ఎవరి జెండా వారిదే. కొచ్చిలో ఆ పద్ధతి లేదు. చిలీ కవి పక్క గదిలో బెంగుళూరు శిల్పి, ఆ పక్క గదిలో దక్షిణాఫ్రికా చిత్రకారుడు. జెండాల్లేవు.

మరి ఎవరి పక్కన ఎవరుండాలో నిర్ణయించేదెవరు? ఆయన్నే క్యూరేటర్ అంటారు. సినిమా భాషలో చెప్పుకుందాం. తెర మీద కనిపించడు, పాట పాడడు, బొమ్మ గీయడు. కథాంశం ఎన్నుకోవడం, దానికి తగిన వాళ్ళను లోకం నలుమూలల నుంచీ పిలవడం, ఏ గది తర్వాత ఏ గది రావాలో కూర్చడం ఆయన పని. దర్శకుడూ, ఎడిటరూ కలిసిన మనిషి. ప్రొడక్షన్ మేనేజరు చాకిరీ కూడా చాలావరకు ఆయన నెత్తినే! చెక్కపెట్టెలు కస్టమ్స్‌లో ఆగితే పరిగెత్తాలి. ప్రొజెక్టరుకు చీకటి గది కావాలి, కానీ పక్క గదిలో ధ్వని ఈ గదిలోకి రాకూడదు. సముద్రపు గాలికి కాగితం చెమ్మగిల్లకూడదు.

ఇంకో విశేషం. కొచ్చిలో క్యూరేటర్లంతా స్వయంగా కళాకారులే. మొదటిసారి, సంస్థ వ్యవస్థాపకులైన బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము. 2014లో జితీష్ కల్లాట్, 2016లో సుదర్శన్ శెట్టి, 2018లో అనితా దూబే, 2022లో సింగపూర్ నుంచి షుబిగీ రావు. 2025 డిసెంబరులో మొదలైన ఆరో ప్రదర్శన బాధ్యత నిఖిల్ చోప్రాకూ, ఆయన గోవా మిత్రబృందానికీ అప్పగించారు. హీరోగారే మెగాఫోను పట్టుకున్నట్టు! అలాంటి సినిమాలు కొన్ని అద్భుతంగా ఉంటాయి, కొన్ని ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇక్కడా అంతే.

ఇంతకీ పేరులో ఈ ముజిరిస్ ఏమిటి? పెరియార్ నది ముఖద్వారాన ఉండేదని చెప్పే ప్రాచీన రేవు. రెండువేల ఏళ్ళ క్రితం రోమన్ ఓడలు మిరియాల కోసం అక్కడికే వచ్చేవి. 1341లో వచ్చిన పెద్ద వరదకు ఆ రేవు పూడిపోయి, కొచ్చి రేవు తెరుచుకుందని చెబుతారు. పట్టణం అనే ఊళ్ళో 2007 నుంచి జరిపిన తవ్వకాల్లో రోమన్ జాడీల పెంకులు దొరికాయి. అక్కడ దొరికిన కుండ పెంకులనే తెచ్చి, వివాన్ సుందరం 2012లో నేల మీద ఓ నగరమే పేర్చాడు. మధ్య మధ్యన మిరియాలు! పేరు ‘బ్లాక్ గోల్డ్’. నల్ల బంగారం. సముద్రం దాటి వచ్చినవాళ్ళతో కలిసి బతకడం ఈ ఒడ్డుకు కొత్త కాదు. మట్టాంచేరిలో 1568 నాటి యూదుల ప్రార్థనాలయం ఉంది. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కోడిగామాను పాతిపెట్టిన చోటు చూపిస్తారు (ఎముకలు తర్వాత లిస్బన్ వెళ్ళిపోయాయి). ఆ ఓడలు మిరియాలతో పాటు ఇంకా ఏమేం మోసుకెళ్ళాయో కూడా ఈ గిడ్డంగులే చెప్పాయి. 2018లో దక్షిణాఫ్రికా కళాకారిణి సూ విలియమ్సన్ పెద్ద పెద్ద వలలు వేలాడదీసింది. వాటి నిండా గాజు సీసాలు. సీసా సీసా మీదా బానిసగా ఓడెక్కించిన ఓ మనిషి వివరం. చైనా వలలు చూసి వచ్చిన కళ్ళతో ఆ వలలు చూడండి, డ్యూయెట్లు మర్చిపోతారు.

మన ఆడపడుచులు చూసి ఉంటే ముక్కున వేలేసుకునే పని ఇంకొకటుంది. బెంగుళూరులో పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కడుతున్నప్పుడు జనం బయట పారేసిన రుబ్బురోళ్ళు! మిక్సీలొచ్చాక వాటినెవరు అడుగుతారు? వాటిని ఏరి, 170 దాకా కొచ్చికి చేర్చి 2012లో ఆ ప్రాంగణంలో పరిచేశారు షీలా గౌడ, ఆమె భర్త క్రిస్టాఫ్ స్టార్జ్. ఆమెది కర్ణాటక, ఆయనది స్విట్జర్లాండు. రెండు సంస్కృతుల కలయిక మీద ఉపన్యాసాలు చాలా విన్నాను గానీ, ఒక్కొక్కటీ ఇద్దరు మనుషులు కష్టపడి ఎత్తాల్సిన ఆ రోళ్ళంత బరువు ఏ ఉపన్యాసానికీ లేదు.

నేను మర్చిపోలేనిది మాత్రం 2017 జనవరిలో చూసిన గది. రౌల్ జురీటా చిలీ కవి. 1973లో అక్కడ సైనిక కుట్ర జరిగిన రోజునే అరెస్టయి, ఓడలో నిర్బంధించబడ్డవాడు. ఆయన ఒక పొడవాటి గిడ్డంగిలో మోకాళ్ళలోతు సముద్రపు నీళ్ళు నింపాడు. గోడల మీద కొన్ని ప్రశ్నలు. చిట్టచివరి గోడ మీద ఓ కవిత. అది చదవాలంటే నీళ్ళలో నడిచి వెళ్ళాల్సిందే, దగ్గర దారి లేదు. 2015లో టర్కీ ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా పసివాడు అలన్ కుర్దీ ఫోటో మీకు గుర్తుండే ఉంటుంది. అదే పడవలో వాడి అన్న గాలిప్ కూడా పోయాడు, అయిదేళ్ళవాడు. వాడి ఫోటో అలా లోకమంతా తిరగలేదు. ఆ గది గాలిప్‌ది.

ఆ రోజు గుమ్మం దగ్గర నల్ల లుంగీల్లో అయిదారుగురు స్వాములు కనబడ్డారు. శబరిమల దర్శనం చేసుకుని తిరుగు రైలు రాత్రికుండటంతో ఊరు చూడ్డానికి వచ్చారట. మాట వినగానే మనవాళ్ళేనని తెలిసిపోయింది.

“లోపలేముంది స్వామీ?” అన్నాడు పెద్దాయన బయటికొస్తున్న నాతో.

“నీళ్ళున్నాయి స్వామీ. చివర గోడ మీద రాత ఉంది.”

“అంతేనా?”

నాకు తెలిసిన కథ చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, లుంగీ పైకి మడిచి దిగాడు. వెనక మిగతావాళ్ళు. ఇంగ్లీషు చదవగలిగిన కుర్రాడొకడు ఆ గోడ ముందు నిలబడి గురుస్వామికి మెల్లగా తెలుగులో చెబుతున్నాడు. మిగతా వాళ్ళు నీళ్ళలో కదలకుండా నిలబడి వింటున్నారు. చిలీ కవి, సిరియా పిల్లాడు, కేరళ గిడ్డంగి, తెలుగు భక్తులు! ఇంత మందిని ఒక్కచోట చేర్చే స్క్రీన్‌ప్లే ఏ రచయిత రాస్తే ఏ నిర్మాత ఒప్పుకుంటాడు చెప్పండి?

ఇదంతా నున్నగా జరిగిపోతుందనుకునేరు. వేర్వేరు దేశాల వాళ్ళను ఒక కప్పు కిందికి తెచ్చే ప్రయత్నాల్లో బాగా పేరుపొందింది 1989లో పారిస్‌లో జాన్-హ్యూబర్ట్ మార్టిన్ పెట్టిన ప్రదర్శన. వందకు పైగా కళాకారులు. సగం పాశ్చాత్యులు, సగం మిగతా ప్రపంచం అన్నది ఆయన సంకల్పం. మన వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మాషే, మిథిల చిత్రకారిణి బవువా దేవి ఆ రోజుల్లో అక్కడ మెరిశారు. అయినా విమర్శ తప్పలేదు. ‘వాళ్ళు ఆధునికులు, వీళ్ళు మంత్రగాళ్ళా?’ అని. సమానంగా గోడలిచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదు గదా.

కొచ్చి తిప్పలు వేరు. ఇక్కడ కరువు డబ్బుకు, సమయానికి. మొదటిసారి ప్రారంభం నాటికి చాలా గదుల్లో పని పూర్తి కాలేదు. 2022లో అయితే డిసెంబరు 12న తెరవాల్సింది, తీరా ఆ ముందు రోజు 23కి వాయిదా వేశారు. సరుకు ఆలస్యం, కప్పుల్లోంచి వాన, నిలకడ లేని కరెంటు. పాల్గొంటున్న కళాకారులు చాలామంది సంస్థ నిర్వహణను తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. విదేశాల నుంచి టిక్కెట్లు కొనుక్కుని వచ్చి, మూసిన తలుపులు చూసి వెళ్ళిన వాళ్ళున్నారు. నా అభిప్రాయం అడిగితే, కళాకారులదే న్యాయం. షూటింగ్ వాయిదా పడితే హీరో కాల్షీటు గురించే అందరం రాస్తాం. లైట్ బాయ్ బత్తా గురించి ఎవరు రాస్తారు? అక్కడా అంతే. క్యూరేటర్ పేరు పోస్టరు మీద పడుతుంది. నీళ్ళు కారే కప్పు కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ వడ్రంగి పేరు ఎక్కడా పడదు.

మరో చిన్న ఫిర్యాదు. గోడల మీది వివరణలు కొన్ని ఎంత గడ్డు భాషలో ఉంటాయంటే, బొమ్మ అర్థమైనా వివరణ అర్థం కాదు! వాటిని వదిలేసి అక్కడ నిలబడే వాలంటీరు కుర్రాళ్ళనడగండి. కొచ్చి కాలేజీ పిల్లలు చాలా చక్కగా చెబుతారు. 

వెళ్ళదలిచిన వాళ్ళకు: ఎర్ణాకుళం జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి పడవ ఎక్కండి, రోడ్డు మీద ట్రాఫిక్కు బాధ తప్పుతుంది. ఆస్పిన్‌వాల్ ఒక్కటే చూసి వెనక్కి రాకండి. మట్టాంచేరి వైపు గోదాముల్లో, పెప్పర్ హౌస్‌లో కూడా ప్రదర్శనలు పెడుతుంటారు. రెండు రోజులైనా కావాలి. బూట్లు వద్దు, చెప్పులు వేసుకెళ్ళండి. ఏ గదిలో నీళ్ళుంటాయో ముందుగా ఎవరూ చెప్పరు.