పికప్ లేని పికప్

జలుబుకీ, బండికీ మందు చెప్పలేని మనిషి మా కృష్ణా జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు. జలుబు చేసిందని నోరు జారితే చాలు, ఒకరు మిరియాల కషాయం అంటారు, ఒకరు పసుపు పాలంటారు, ఇంకొకరు పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చమంటారు. ఇహ బండి సరిగ్గా లాగటం లేదన్నామో, పాలుపోసే ఆయన దగ్గర్నుంచి పురోహితుడుగారి దాకా అందరూ ఇంజను వైద్యులే!

ఈ జ్ఞానం నాకు మా మరిది కొన్న బండి ధర్మమా అని కలిగింది. నాగాయలంక, కోడూరు వైపు నుంచి చేపలూ రొయ్యలూ ఐసుపెట్టెల్లో సర్దుకుని, అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు రావటం, అక్కణ్ణించి పెడన, గూడ్లవల్లేరు దాటి గుడివాడ చేరటం దాని దినచర్య. ముందు నలుగురు కూచోను చోటు లేకపోయినా, వెనక పెద్ద తొట్టి ఉన్న ఇలాంటి బండిని పికప్ అంటారు. ఆక్సిలరేటరు తొక్కగానే ముందుకి దూకే గుణాన్నీ మనవాళ్ళు పికప్ అనే అంటారు. భాషలో మాటలకి కరువొచ్చిందేమో మరి!

ఓ సాయంత్రం మా మరిది కాళ్ళు కడుక్కుంటూ, "వదినా, మన పికప్‌కి పికప్ పోయింది" అన్నాడు. నవ్వబోయి, అతని మొహం చూసి ఆ నవ్వు మింగేశాను. తొక్కితే వెంటనే అందుకోదట. ఓ క్షణం ఆలోచిస్తుందట. రెండు ఎక్కిళ్ళు పెట్టి, అప్పుడు దయతలచి కదులుతుందట.

మాది బల్లపరుపు నేల. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కాలవలు అల్లుకుపోయిన డెల్టా. ఇక్కడ కొండల్లేవు, గుట్టల్లేవు. బండికి ఎక్కవలసిన ఎత్తంటూ ఉంటే అది వంతెనే. అంచేత ఆ జబ్బు కూడా వంతెనల దగ్గరే బయటపడేది. లోడుతో పులిగడ్డ దగ్గర కృష్ణపాయ దాటబోతే చాలు, బండి నీరసపడిపోయేది. వెనక బస్సుల హారన్లు, తొట్టిలో కరిగిపోయే ఐసు, పై నెల కట్టవలసిన వాయిదా. రొయ్య మెత్తబడితే కొనేవాడు దాని మొహం కూడా చూడడు కదండీ!

వైద్యులు బయల్దేరారు. ఒకాయన ఇంజెక్టర్లు మార్చమన్నాడు. ఇంకొకాయన అసలు బండే మార్చమన్నాడు. మూడో ఆయన మాత్రం గొంతు తగ్గించి, "డ్రైవరు చేతివాటం చూసుకోండి. డీజిలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడేమో" అన్నాడు. వంద మంచి మాటలు గాలికి పోతాయి గాని, ఇలాంటి మాట మాత్రం మేకులా దిగబడుతుంది. మా మరిది డీజిలు రసీదులు లెక్కపెట్టటం మొదలెట్టాడు. డ్రైవరుతో మాట్లాడటం తగ్గించాడు.

ఆ అబ్బాయిది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో గొడ్డూ గోదా, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని మళ్ళీ మొదట్నుంచి బతుకు కట్టుకున్న కుటుంబం. వాళ్ళింట్లో ఇప్పటికీ ఏ సంగతయినా ఉప్పెనకి ముందా, తర్వాతా అని చెప్పుకుంటారు. ఓ రోజు పెట్టెలు దింపి, గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మగారూ, అన్నయ్యగారు మానెయ్యమంటే మానేస్తాను. దొంగననిపించుకుని మాత్రం మానను" అన్నాడు. కంట నీరు లేదు, గొంతులో కోపం లేదు. అందుకేనేమో, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు గుడివాడలో మా పెద్దమ్మని చూసే పని ఉందని చెప్పి నేనూ బండెక్కాను. మా మరిదినీ ఎక్కించాను. గుడివాడలో ఓ పాత మేస్త్రీగారున్నారు. చెయ్యి పెట్టేముందు ప్రశ్నలు వెయ్యటం ఆయన పద్ధతి. వెనకటి కాలంలో నాడి చూసే వైద్యులు ఇలాగే ఉండేవారు కాబోలు. "చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఖాళీగానా, లోడుతోనా? పొగ ఏ రంగు?"

పొగ రంగులో ఇంత శాస్త్రం ఉందని నాకప్పుడే తెలిసింది. నల్లపొగ వస్తే గాలి చాలటం లేదని అర్థంట. ఎయిర్ ఫిల్టరు దుమ్ముపట్టి ఉండొచ్చు, గాలి గొట్టం చిరిగి ఉండొచ్చు. నీలం పొగయితే ఇంజనాయిలు కాలుతోందని. తెల్లపొగయితే డీజిలు సరిగా మండకుండానే బయటికి పోతోందని. "మా బండికి పొగే లేదండీ" అన్నాడు డ్రైవరు. "అయితే పొయ్యిలో కట్టె అందటం లేదురా అబ్బాయ్" అన్నారు మేస్త్రీగారు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది సలసలా వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగున చెయ్యి పెట్టిన వాళ్ళకి ఆ వేడి తెలుసు. ఆ వేడిలోకి నూనె చిమ్మితే, కాగిన బాణలిలో ఆవాలు వేసినట్టు, తనంతట తనే చిటపటమంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897 నాటికి దీన్ని పనిచేయించి చూపించాడు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఇలాంటి ఇంజనొకటి మన వేరుశనగ నూనెతోనే తిరిగిందంటే నమ్ముతారా? నాకయితే ఆ మాట వినగానే ఇంజను మన వంటింటి చుట్టంలా అనిపించింది.

మేస్త్రీగారు వరసగా చూసుకుంటూ వచ్చారు. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగలేదు. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంది. డీజిలు ఫిల్టరు అడుగు మర విప్పి గాజు సీసాలోకి పట్టారు. చెరువుగట్ల మీద డ్రమ్ముల్లో నిలవ చేసిన డీజిలు పోయించుకుంటే నీళ్ళు కలిసి అడుగున తేరుతాయట. సీసాలో నీటిచుక్క లేదు.

"ఎక్కిళ్ళు వచ్చాక ఆపితే ఏమవుతుంది?"

"పది నిమిషాలాగితే మళ్ళీ మామూలేనండి."

ఆయన కళ్ళు మెరిశాయి. "మరి కిరసనాయిలు కలిపి ఉంటే ఆ గుణం పది నిమిషాల్లో ఎలా పోతుంది బాబూ?" అన్నారు, మా మరిది వంక చూసి.

లోడుతో బయల్దేరాం. ఓ అరగంటకి కాలవ వంతెన ఎక్కుతుండగా బండి ఎక్కిళ్ళు పెట్టింది. దిగువన ఆపించి, మేస్త్రీగారు దిగి, డీజిలు టాంకు మూత మెల్లిగా తిప్పారు. "స్‌స్‌స్..." అంటూ గాలి లోపలికి పోయింది. ప్రెషర్ కుక్కరు ఆవిరి బయటికి వదిలినట్టే ఉంది గాని, ఇది లోపలికి పీల్చిన ఊపిరి! మూత వదులుగా ఉంచి ఎక్కిస్తే, బండి విడిచిన లేగదూడలా పరుగెత్తింది.

"నూనె డబ్బాకి రెండో చిల్లు!" అన్నాను నేను.

"అదేనమ్మా!" అన్నారాయన.

మనకి తెలియందేముంది? డబ్బాకి ఒక్కటే చిల్లు పెడితే నూనె గుడగుడమని ఆగి ఆగి వస్తుంది. ఎదురుగా ఇంకో చిల్లు పెడితే ధారకడుతుంది. లోపలి నూనె బయటికి రావాలంటే ఆ ఖాళీలోకి గాలి పోవాలి. మా బండికి ఆ గాలిదారి టాంకు మూతలోనే ఉండాలి. డీజిలు వాడుకుంటున్నకొద్దీ లోపల ఖాళీ బిగుసుకుని డీజిలుని వెనక్కి లాగుతోంది. లోడున్నప్పుడు ఎక్కువ డీజిలు కావాలి గనక వంతెన మీదే బయటపడుతోంది. ఆగితే సందుల్లోంచి కాస్త గాలి చొరబడి మళ్ళీ తేరుకుంటోంది.

"ఈ మూత బండితో వచ్చింది కాదే, ఎక్కడిది?" అన్నారు మేస్త్రీగారు.

డ్రైవరు తల వంచుకున్నాడు. యజమాని పేరు చెప్పటం అతనికిష్టం లేదు. మూడు నెలల కిందట అసలు మూత ఎక్కడో పడిపోతే, చవకలో వస్తోందని దాన్ని కొనుక్కొచ్చింది మా మరిదే. "నేనే తెచ్చానండీ" అన్నాడు చివరికి, కాలవలో నీళ్ళకేసి చూస్తూ.

క్షమించమనే మాట మా వంశంలో మగవాళ్ళ నోటికి అంత తేలిగ్గా రాదు. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ వేళ బందరులో బండాపించి, అరకేజీ లడ్డూలు కట్టించి, "మీ నాయనమ్మకివ్వు" అని ఆ అబ్బాయి చేతిలో పెట్టాడు. ఆ రాత్రే రసీదుల కట్ట పొయ్యిలోకి పోయింది.

కొత్త మూత ఖరీదు పెద్దదేం కాదు. దాని వంక పెట్టి ఓ మనిషి పరువు పోయేదే, అదీ నన్ను భయపెట్టింది. ఇళ్ళల్లోనూ అంతే. ఒక కోడలు మందమతి అంటాం, ఒక పిల్లాడు మొద్దు అంటాం, పనిమనిషికి ఒళ్ళు వంగదంటాం. బరువు మోస్తూ ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరైనా ఎక్కిళ్ళు పెడితే, వాళ్ళని తిట్టేముందు మూత కాస్త వదులు చేసి చూడండి. ఊపిరాడక అవస్థ పడుతున్నారేమో!